కుర్చీలో కూర్చున్న ఆయన

ఈ సినిమాలో గోడ మీద ఆ పెళ్లి ఫొటో ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చింది? తెల్ల ముసుగు వేసుకుని, పూలగుత్తి పట్టుకుని నిలబడ్డది ఆ అమ్మాయే, సందేహం లేదు, నాలుగేళ్లుగా చూస్తున్న ముఖం, మా ఆడపడుచు ముఖం కన్నా బాగా గుర్తు. పక్కన నిలబడ్డది మాత్రం టోపీ ఆయన కాదు. కుర్చీ ఆయన. పొట్ట లేదు, జుట్టుంది, అంతే తేడా, గడ్డం మీద ఆ సొట్ట అదే. నేను సోఫా అంచున కూర్చుని నోరు తెరుచుకుని చూస్తున్నాను. పనిమనిషి పెళ్లి ఫొటోని ఏ యజమానైనా తన గోడకి తగిలించుకుంటాడా? నేను పనిచేసే ఈ ఇంట్లో నా ఫొటో ఉన్నది ఇఖామా పర్మిటు కార్డు మీదే, అందులోనూ దొంగదానిలా ఉంటాను. మరి ఈయనెవడు, ఆమె పెళ్లి ఫొటోని మెట్ల పక్కన అందరికీ కనపడేలా పెట్టుకోవడానికి? అనుకుంటుండగానే జవాబు వచ్చి ఎదురుగా కూర్చుంది, వద్దన్నా లేవలేదు. మొగుడు. కుర్చీ ఆయన ఆమె మొగుడు.

"అయ్ బాబోయ్," అన్నాను పైకే. పక్కన చక్రాల కుర్చీలో మామా తస్బీ పూసలు తిప్పుతూ "ఏష్?" అంది, ఏంటని. ఏమీ లేదన్నాను. ఏం చెప్పను? మామా అంటే ఈ ఇంటి పెద్దావిడ జైనాబ్. మేం పనివాళ్లం ఆవిణ్ని మామా అని, ఆవిడ కొడుకుని బాబా అని పిలవాలి, ఆ బాబా నా కన్నా చిన్నవాడైనా సరే. ఈ సినిమా మామాది. మామా మొగుడు ఖఫ్జీలో చమురు బావుల దగ్గర పనిచేసే రోజుల్లో టీవీలో వస్తుంటే క్యాసెట్టులోకి ఎక్కించాడట, ఆయన పోయాక మిగిలినవాటిలో ఆవిడ వదలనిది అదొక్కటే. నల్లటి తెల్లటి అమెరికా బొమ్మ. ప్రతి గురువారం మధ్యాహ్నం అసర్ నమాజు కాగానే ఆవిణ్ని టీవీ ముందుకి తోసుకొస్తాను, ఆవిడ చూస్తుంది, నేను ఆవిడ కాళ్లకి నూనె రాస్తూ చూస్తాను. పోయిన వారం ఆ పాత బొమ్మ గీతలు పడి ఆగిపోయింది. మామా అన్నం మానేసి అలిగింది. అందుకని ఇందాక మనవరాలు వచ్చి నెట్టులోంచి పెట్టి, ఇది మొత్తం సినిమా మామా, అప్పట్లో టీవీవాళ్లు కోసేసినవి కూడా ఉన్నాయి అని నవ్వి తన గదిలోకి పోయింది. కోసేసినవంటే ఏవో పాటలేమో అనుకున్నాను. మొగుణ్నే కోసేశారని నాకేం తెలుసు!

నాకు ఇంగ్లీషు రాదు. అరబ్బీ వంటింటి వరకే, ఉల్లిపాయ, చీపురు, త్వరగా, తర్వాత. అడుగున గీతల్లా పాకే అరబ్బీ రాతలు చదవలేను. చూసి అల్లుకున్నదే నా కథ. ఆ అమ్మాయి ఒక పెద్దింట్లో ఏప్రాన్ కట్టుకుని పిల్లలకి తల దువ్వుతుంది, బల్ల తుడుస్తుంది, కుర్చీ ఆయనకి కాఫీ ఇస్తుంది. ఆయన పేపరు మీంచి తల ఎత్తడు. వారానికోసారి ఆమె మంచి బట్టలు కట్టుకుని, కుర్చీ ముందు నిలబడి, చేతులు నలుపుకుంటూ ఏదో అడుగుతుంది. ఆయన తలూపుతాడు. ఆమె పడవెక్కి అవతలి ఊరికి వెళ్తుంది, అక్కడ రేవులో టోపీ పెట్టుకున్న ఒకాయన చేతిలో చిన్న తోలుసంచితో ఎదురుచూస్తుంటాడు. ఇద్దరూ నడుస్తారు, మాట్లాడుకుంటారు, పడవ కూత వేస్తుంది, ఆమె తిరిగొస్తుంది. దీన్ని చూసిన ఏ గల్ఫు పనిమనిషినైనా అడగండి ఏం అర్థమైందో! కుర్చీ ఆయన కఫీల్, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. పిల్లలు కఫీల్ పిల్లలు. టోపీ ఆయన ఆమె మొగుడు, అవతలి ఊళ్లో ఏ కంపెనీ క్యాంపులోనో ఉన్నాడు, ఫ్యామిలీ వీసా దొరకలేదు, వారానికి ఒక్క పూట సెలవు. నేను ఎంత ఏడ్చానో ఆ ఇద్దరి కోసం. భూషణానికి ఫోనులో చెప్పాను కూడా, అచ్చం మన బతుకే మావా, ఆయన టోపీ తీసి ఆవిడ వంక చూస్తాడు చూడు, నువ్వు వీడియో కాల్లో చూసినట్టే ఉంటది అని. భూషణం నా మొగుడు. వాడు నవ్వి, "నాకు టోపీ ఎక్కడిదే, తలపాగా తప్ప" అన్నాడు.

ఇప్పుడు ఆ టోపీ తీసుకుని ఏం చెయ్యను?

అదీ ఇవాళే చూడాలా. పొద్దున బాబా ఆఫీసుకి పోతూ వంటింటి గుమ్మంలో ఆగి అడిగాడు, సరళా, నీ అగ్రిమెంటు అయిపోయింది, తజ్దీద్ చెయ్యనా, ఎగ్జిట్ వెయ్యనా, పొద్దుగూకి మగ్రిబ్‌కి వచ్చేసరికి చెప్పు, ఈ రాత్రే ఫోనులో నొక్కేస్తాను అని. ఉంటే ఇంకో రెండేళ్లు, లేకపోతే ఇంటికి. వేలితో ఒక్క నొక్కు. ఇంటికి శ్లాబు పడితే చాలు వచ్చేస్తానని బయలుదేరాను, శ్లాబు పడింది, రంగులు కూడా వేశారు, రాజోలు పక్కన మా ఇల్లు గులాబీ రంగులో మెరిసిపోతోందని ఫొటో పంపాడు భూషణం. ఇక్కడ ఉండాల్సిన పని ఇంకేమీ లేదు. ఉండాలనిపించే మనిషి ఉన్నాడు. అంతే, ఇక దాచేదేముంది, నా బుర్రలో నేను అనుకోవడానికి కూడా భయమా? రాజేశం. ఈ ఇంటి డ్రైవరు. నాకు వాడంటే ఇష్టం. భూషణమన్నా ఇష్టమే. అక్కడే వస్తోంది చావు.

తెర మీద వాన పడుతోంది. ఇది నాకు తెలిసిన వానే, రేవు దగ్గర రేకుల పాకలో ఇద్దరూ తలదాచుకునే వాన. పాత బొమ్మలో ఇక్కడ ఒక్క ఎగురు ఎగిరి సరాసరి పడవ వచ్చేది. ఇవాళ ఎగరలేదు. టోపీ ఆయన తోలుసంచి కింద పెట్టాడు. ఆమె ఎడమచేతి తొడుగు తీసింది, ఉంగరం వేలు మీద తెల్లటి గుర్తు మాత్రమే ఉంది, ఉంగరం లేదు. ఆయన ఆమె ముఖం పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు. "అస్తగ్‌ఫిరుల్లా!" అంది మామా, ముసుగు నోటికి అడ్డం పెట్టుకుని. పెట్టుకుని నవ్వుతోంది ముసల్ది! నాకు నవ్వు రాలేదు. చెవులు కాలిపోయాయి, ఎవరో నన్నే చూసినట్టు. మేం ముద్దులదాకా పోలేదు, దేవుడి మీద ఒట్టు. మామాని కాళ్ల వ్యాయామానికి ఆస్పత్రికి తీసుకెళ్తాం, ఆవిడ లోపల, మేం బయట కారులో. ఏసీ వేసుకుని మాట్లాడుకోవడమే. వాళ్ల జగిత్యాల వైపు సంగతులు వాడు చెప్తాడు, మా గోదారి సంగతులు నేను చెప్తాను, నా మాటకి వాడు నవ్వుతాడు, వాడి మాటకి నేను. ఒకసారి సిగ్నలు దగ్గర గేరు మీద ఉన్న చెయ్యి తీసి నా చేతి మీద వేశాడు. వెనక సీట్లో మామా కునుకు తీస్తోంది. పచ్చ లైటు పడేదాకా నేను తియ్యలేదు. వెనకవాడు హారన్ కొడితే వాడే తీశాడు.

మొదటి ఏడాదంతా వాణ్ని అన్నా అన్నాను. ఇక్కడ మనవాడు ఎవడు కనపడినా అన్నా అనాలి, అదొక గొడుగు, ఆ మాట పట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఒకరోజు వంటింటి తలుపు దగ్గర వాడి టీ ఫ్లాస్కు పెట్టి పిలవబోతే ఆ మాట గొంతులో అడ్డం పడింది. అన్నా రాలేదు. రాజేశం అని పిలవడానికి నోరు లేదు. ఇదిగో, అన్నాను. అప్పట్నుంచి ఇదిగో, ఏంటంటే, వింటున్నావా, ఇలాగే నడుస్తోంది. వాడికీ తెలుసు ఎప్పుడు ఆగిపోయిందో, ఒక్కసారీ అడగలేదు. పోయిన వారం ఆస్పత్రి ముందు మాత్రం స్టీరింగు మీద గోరుతో గీస్తూ, "ఉండరాదు సరళా. గిప్పుడు వోతె మల్ల ఏడ కలుస్తం? నువ్వు గోదారోల్లకు, నేను జైత్యాలకు. ఏ బస్సు కలుపుతది మనల?" అన్నాడు. మీ ఆవిడో అన్నాను నేను, నోరు ఊరుకోదుగా. "మా ఆమె మంచిదే. దాన్ది తప్పేం లేదు. గదే నాకు సమజ్ గాదు," అన్నాడు. వెధవ, అబద్ధమైనా చెప్పొచ్చుగా, గయ్యాళిదని చెప్తే నాకెంత తేలికయ్యేది! నిజం చెప్పాడు కాబట్టే ఇంకొంచెం ఇష్టం పెరిగింది. నా మొగుడిది మాత్రం ఏం తప్పుంది?

ఇంతకీ నా సినిమాలో కుర్చీ ఆయన ఎవరు? ఇది తేల్చుకోకపోతే పిచ్చెక్కేలా ఉంది. నిన్నటిదాకా టోపీ ఆయన భూషణం. వారానికోసారి గురువారం మగ్రిబ్ అయ్యాక కనపడతాడు, కాసేపు, తల దువ్వుకుని, ఆ రోజు చొక్కా వేసుకుని. నేనూ ముఖం కడుక్కుని కాటుక పెట్టుకుంటాను. ఇద్దరం మంచి మాటలే మాట్లాడుకుంటాం, పోట్లాడుకోవడానికి టైము చాలదు, నెట్టు కట్టయిపోతుంది. రోజూ పొద్దున లేస్తే కనపడేది రాజేశం. కూరగాయలు బాగా లేవని తిట్టేది వాణ్ని. నాకు జ్వరమొస్తే మాత్రలు తెచ్చేది వాడు. వాడి చొక్కా గుండీ ఊడితే ముందు చూసేది నేను. రోజూ ఉండేవాడే మొగుడైతే, వారానికోసారి వచ్చేవాడు ప్రియుడైతే, నేను ఎవరితో ఎవర్ని మోసం చేస్తున్నట్టు? తాళి కట్టినవాడితో దొంగతనంగా మాట్లాడుతున్నానా, కట్టనివాడితో కాపురం చేస్తున్నానా? అబ్బ, ఈ తెల్లవాళ్లకి పనీపాటా లేదు, ఇలాంటివి తీసి మన ప్రాణం మీదకి తెస్తారు. మామా కాళ్లకి రాస్తున్న నూనె నా గాజుల మీదుగా మోచేతి దాకా కారిందని అప్పుడు చూసుకున్నాను. తుడుచుకున్నాను.

సినిమా నడుస్తూనే ఉంది. టోపీ ఆయన పెద్ద ఓడెక్కి వెళ్లిపోతున్నాడు, తనతో రమ్మంటున్నాడు, ఇది మాటలు రాకపోయినా తెలుస్తుంది, రెండు టిక్కెట్లు చూపించాడు. ఇన్నాళ్లూ ఆ టిక్కెట్లు చూసి, అమ్మయ్య, ఫ్యామిలీ వీసా వచ్చినట్టుంది అనుకునేదాన్ని! మరి ఆమె ఎందుకు వెళ్లదో అర్థమయ్యేది కాదు, కఫీల్ పాస్‌పోర్టు ఇవ్వలేదనుకుని కుర్చీ ఆయన్ని తిట్టుకునేదాన్ని. ఇక ఇప్పుడు ఆమె రేవులో నిలబడిపోతుంది, ఓడ కదులుతుంది, తడుస్తూ ఇంటికి వస్తుంది, అప్పుడు కుర్చీ ఆయన సినిమా మొత్తంలో మొదటిసారి లేచి నిలబడి ఆమె చేతికి ఒక సూపు గిన్నె అందిస్తాడు. అయిపోతుంది. వానలో తడిసి వచ్చిన ఆడదాని చేతికి గిన్నె ఇచ్చి వేడి చేసి తెమ్మంటావా, నీ చేతులు పడిపోను అని ప్రతి గురువారం తిట్టాను. మామాకి తెలుగు రాకపోయినా నా తిట్టు అర్థమై భుజం తట్టేది.

ఓడ కదిలింది. ఆమె ఇంకా రాలేదు. ఇదేంటి, ఇల్లు చూపిస్తున్నారు, ఆమె లేని వంటిల్లు. కుర్చీ ఆయన వంటింట్లో ఉన్నాడు, ఏప్రాన్ కట్టుకుని, ఆమెదే. బల్ల మీద సారా సీసా ఉంది, ఓహో, దానికోసం కోసేశారన్నమాట టీవీవాళ్లు, సీసా కనపడకూడదని మనిషినే తీసిపారేశారు. ఆయన పొయ్యి మీద సూపు కలుపుతున్నాడు. వేలు కాల్చుకుని నోట్లో పెట్టుకున్నాడు. గిన్నెలో పోశాడు, పైన పళ్లెం మూశాడు, గోడ గడియారం చూశాడు. కిటికీలో వాన. మళ్లీ గిన్నె తీసి సూపు గుండిగలో పోశాడు, మళ్లీ వేడి చేశాడు. చేతులు కడుక్కోబోతే సబ్బు పెట్టెలో ఆమె ఉంగరం. తీశాడు. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఎక్కడిది అక్కడే పెట్టేశాడు, సబ్బు తడి ఆరకుండా. మళ్లీ గిన్నెలో సూపు పోశాడు. తెలుసు. మొదట్నుంచీ తెలుసేమో. పేపరు మీంచి తల ఎత్తనిది అందుకేనేమో. అప్పుడు తలుపు చప్పుడైంది, ఆమె వచ్చింది, ఆయన గిన్నె అందించాడు. ఆవిరి వస్తోంది గిన్నెలోంచి! ఇన్నేళ్లూ ఆ ఆవిరి కనపడలేదా నా కళ్లకి? ఎప్పుడూ ఉండే ఉంటుంది. నేను చూడలేదు.

భూషణం ఫోనులో ఎప్పుడూ అన్నం సంగతే చెప్తాడు. దింపు పనికి పోయి కొబ్బరి చెట్లన్నీ ఎక్కి దిగి ఇంటికొచ్చి వండుకుంటాడు. "ఎసట్లో నీ వాటా కూడా పోసేత్తన్నానే, చెయ్యి అలవాటు మానట్లేదు, పొద్దున్నే చద్దన్నం అయిపోతంది," అంటాడు. నాకు ఒళ్లు మండేది. నువ్వు లేవు, నేను చెయ్యి కాల్చుకుంటున్నాను అని దెప్పుతున్నాడనిపించేది. "బియ్యం చెట్లకి కాత్తన్నాయేంటి నీకు? గిద్ద తగ్గించి పొయ్యలేవా?" అని కసిరేదాన్ని. వాడు నవ్వేసి ఊరుకునేవాడు. నాలుగేళ్లు. నాలుగేళ్లు ఎవరి చెయ్యి అలవాటు మానదు? నా చెయ్యి మానలేదూ, ఎంత తొందరగా మానిందో! ఒరే భూషణం, నీకేమైనా తెలుసా? పోయిన నెల ఫోనులో, మీ డ్రైవరు మంచోడేనా, జాగర్తగా తోల్తాడా అని అడిగావు. తోల్తాడులే అన్నాను. సరే అన్నావు, అన్నం మాట ఎత్తావు. నీకు తెలిసి అడిగావా, ఊరికే అడిగావా? నాకు ఏడుపు వస్తోంది, ఎవరి కోసమో తెలియడం లేదు.

"మిస్కీన్," అంది మామా. పాపం అని. ప్రతి గురువారం ఇక్కడ ఈ మాట అంటుంది, నేను ఓడెక్కి పోయిన టోపీ ఆయన కోసమేననుకున్నాను. ఇవాళ వేలు చూపించి మరీ అంది. తెర మీద గిన్నె పట్టుకుని ఉన్నాడు కుర్చీ ఆయన. అంటే ఆవిడకి ఎప్పుడూ తెలుసు. చూడని వంటిల్లు కూడా చూసినట్టే తెలుసు. మామా, నీకెలా తెలుసు అని అడుగుదామంటే ఆ మాటలకి నా వంటింటి అరబ్బీ చాలలేదు. ఆవిడ నా తడి మోచెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది.

మసీదులో మగ్రిబ్ అజాన్ మొదలైంది. గేటు చప్పుడు, కారు చప్పుడు. బాబా లోపలికి వచ్చి తల్లి నుదుటి మీద ముద్దు పెట్టుకుని, చేతి గడియారం విప్పుతూ నా వైపు తిరిగాడు. "హా సరళా? తజ్దీద్?" అన్నాడు, అదే ఖాయమన్నట్టు. మామాకి నేను అలవాటు, కొత్త మనిషి దొరకడం కష్టం. వెనక గుమ్మం అవతల రాజేశం, బాబా సంచులు రెండు చేతుల్లో పట్టుకుని, లోపలికి అడుగు పెట్టకుండా. నన్నే చూస్తున్నాడు. నా నోట్లో ఏ మాట ఉందో నాకే తెలియదు, ఒట్టు, ఆ క్షణం దాకా తెలియదు. మామా చేతిలోంచి మోచెయ్యి విడిపించుకుని లేచాను.

"ఎగ్జిట్, బాబా."

బాబా భుజాలు ఎగరేసి, అల్లా కరీమ్ అని, నమాజుకి వెళ్లిపోయాడు. రాజేశం సంచులు గుమ్మంలో దించాడు. వాటిని నిలబెట్టాడు, ఒకటి పడిపోతే మళ్లీ నిలబెట్టాడు. అరుస్తాడనుకున్నాను, ఎందుకని అడుగుతాడనుకున్నాను, అడిగితే బాగుండు, పోట్లాడేదాన్ని. సోఫా పక్క బల్ల మీద, సినిమా మొదట్లో పెట్టుకున్న నా టీ గ్లాసు, మీగడ కట్టి అలాగే ఉంది. దాని వంక చూశాడు.

"చాయ్ తాగనేలేదు గద," అన్నాడు. "సల్లగైంది. ఇటియ్యి, వేడి చేస్కొస్త."

ఇచ్చాను. ఇవ్వక ఏం చెయ్యను? గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, ఒలకకుండా, వాకిట్లో తన గది వైపు మెల్లగా నడిచాడు. నేను చూస్తూ నిలబడ్డాను. వద్దు, వెనక్కి రా, ఆ గిన్నె నీది కాదు అని అరవాలనిపించింది, ఏమని పిలవాలో తెలియలేదు. టీవీ ఎప్పుడో ఆగిపోయింది, నల్లటి తెర మీద మా గది కనపడుతోంది, అందులో తెరిచిన తలుపు.

"మిస్కీన్," అంది మామా మళ్లీ. కళ్లు తెరిచే ఉంది, చూపు వాకిటి వైపు ఉంది.